డర్బన్ నుంచి మన ఊరు ఎంత దూరం?

సెలవుల్లో ఇండియా వెళ్దామని ఇంట్లో మాట రాగానే పిల్లలు అడిగేది ఒకటే: "ఎంత దూరం? ఎన్ని గంటలు?" రండి, కలిసి లెక్క వేద్దాం.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకోండి. ఒక కొన డర్బన్ మీద, ఇంకో కొన హైదరాబాద్ మీద పెట్టి బిగించి పట్టుకోండి. అదే అన్నిటికంటే దగ్గర దారి. సుమారు 7,300 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకు 850 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. అంటే సుమారు తొమ్మిది గంటల ప్రయాణం.

కానీ నేరుగా వెళ్లే విమానం లేదు. మనలో చాలామంది దుబాయి మీదుగా వెళ్తారు. డర్బన్ నుంచి దుబాయికి సుమారు 6,650 కిలోమీటర్లు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు ఇంకో 2,550. మొత్తం 9,200. గాలిలో ఉండేది సుమారు పన్నెండు గంటలు. దుబాయిలో ఆగే సమయం వేరు.

గడియారం సంగతి మరవకండి. ఇండియా మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. మీరు సాయంత్రం 7 గంటలకు బయలుదేరి, మర్నాడు మధ్యాహ్నం 2:30కి దిగారనుకోండి. చూడటానికి పంతొమ్మిదిన్నర గంటలు. మూడున్నర తీసేస్తే పదహారే.

మన పెద్దలకు ఎంత పట్టింది? మొదటి ఓడ ట్రూరో 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. సుమారు ఐదు వారాలు. 1911 వరకు అలా 1,52,000 మందికి పైగా నటాల్ వచ్చారు. గిర్మిట్ ఐదేళ్లు. మొదట్లో వచ్చినవారు పదేళ్లు ఇక్కడ ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. కొందరు వెళ్లిపోయారు. మన తాతముత్తాతలు ఉండిపోయారు.

అందుకే టికెట్ కొనే ముందు ఒక పని చేయండి. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఓడ జాబితాలో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. పాత జనన పత్రాల్లో, పెళ్లి కాగితాల్లో ఆ నంబరు తరచు కనిపిస్తుంది.

ఏ నగరంలో దిగాలో ఆ జాబితాయే చెబుతుంది. "నార్త్ ఆర్కాట్" అని ఉంటే, చిత్తూరు అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. హైదరాబాద్ కంటే చెన్నై మీకు దగ్గర. "వైజాగపటం" అంటే విశాఖపట్నం. హైదరాబాద్ నుంచి ఇంకో గంటకు పైగా విమానం. "గంజాం" అని ఉంటే తాలూకా కూడా చూడండి. గంజాం ఇప్పుడు ఒడిశాలో ఉంది. కానీ తాలూకా "చికాకోల్" అయితే అది నేటి శ్రీకాకుళం. విశాఖలో దిగి రోడ్డు మీద వెళ్లవచ్చు.

ఏ ఊరో తెలియకుండా వెళ్తే హైదరాబాద్ చూసి వస్తారు, అంతే. కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో పెద్దవాళ్లకే తెలుసు. వాళ్లు ఉండగానే అడగండి. తెలుగులోనే అడగండి: "అవ్వా, మనది ఏ ఊరు? ఆ పాత కాగితాలు ఎక్కడ పెట్టావు?"