సైబర్ భద్రతా నిబంధనలు: సంస్థలకు ఎదురవుతున్న సవాళ్లు

1. ఉపోద్ఘాతం:

వ్యక్తుల సమాచారాన్ని డిజిటల్ రూపంలో భద్రపరిచే బ్యాంకులు, ఆసుపత్రులు, కళాశాలలు నేడు సైబర్ భద్రతా నిబంధనల పరిధిలోకి వస్తున్నాయి. నిబంధన తెలిసి ఉండటం వేరు, దానిని ఆచరించగలగడం వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఎక్కడ ఏర్పడుతున్నదో భారతీయ చట్టాల నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గడువుల సమస్య:

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి; కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023 కింద 2025 నవంబరులో వెలువడిన నియమాలు మరొక గడువును చేర్చాయి. వ్యక్తిగత డేటాకు ఉల్లంఘన జరిగితే 72 గంటలలోగా డేటా పరిరక్షణ బోర్డుకు పూర్తి వివరాలు సమర్పించాలి. అంటే ఒకే ఘటనకు ఇద్దరు అధికారులు, రెండు గడువులు. నిరంతర పర్యవేక్షణ లేని చిన్న సంస్థ ఘటనను గుర్తించడమే ఆలస్యమవుతుంది. గుర్తించాక ఏమి జరిగిందో తేల్చుకునేలోపే మొదటి గడువు ముగుస్తుంది.

3. ఒక ఉదాహరణ:

పట్టణ సహకార బ్యాంకులకు రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రాథమిక సైబర్ భద్రతా మార్గదర్శకాలను ఇచ్చింది. అయినా 2022 జనవరిలో హైదరాబాదులోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుండి నేరగాళ్లు 12 కోట్ల రూపాయలకు పైగా మళ్లించారు. సిబ్బందికి పంపిన మోసపూరిత ఈ-మెయిళ్ల ద్వారా వారు ప్రవేశించినట్లు పోలీసు దర్యాప్తు వెల్లడించింది. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా విధించింది. కాగితం మీది నిబంధన ఈ-మెయిల్ తెరిచే ఉద్యోగి వరకు చేరితేనే భద్రత అవుతుందని ఈ ఉదంతం తెలుపుతున్నది.

4. భాషా సమస్య:

2023 చట్టంలోని 5, 6 సెక్షన్ల ప్రకారం నోటీసును, సమ్మతి అభ్యర్థనను ఆంగ్లంలో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలో గాని చదువుకునే వీలు కల్పించాలి. కాబట్టి తెలుగు నోటీసు ఇక చట్టపరమైన బాధ్యత. కానీ 'ప్రాసెసింగ్' అనే మాటను 'ప్రక్రియ' అని అనువదిస్తే, సేకరించడం, నిల్వ చేయడం, ఇతరులతో పంచుకోవడం కూడా అందులో ఇమిడి ఉన్నాయని పాఠకునికి స్ఫురించదు. అర్థం కాని నోటీసు మీద ఇచ్చిన సమ్మతి, చట్టం కోరిన 'తెలిసి ఇచ్చిన సమ్మతి' కాజాలదు.

5. ముగింపు:

తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు ఈ చట్టం 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను నిర్దేశించింది. జరిమానా భయం పత్రాలను పూర్తి చేయించగలదు గాని అవగాహనను కలిగించలేదు. ఘటన జరిగితే ఎవరు, ఎవరికి, ఎంతలోగా తెలపాలో సిబ్బంది భాషలో ఒక పుటలో రాసి ఉంచడం ప్రతి సంస్థ చేయగల మొదటి పని. నోటీసులకు సుబోధకమైన పరిభాషను సిద్ధం చేయడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పరిశోధన.