మీకు తెలుసా? మానేసినవాడి మాట

రాష్ట్రాన్నే కదిపిన సారా పోరుకు రాత్రి బడి ఊపిరి పోసిందని మీకు తెలుసా? నెల్లూరు తీరంలో కావలి నుంచి పడమరగా లోపలికి వెళితే కలిగిరి మండలం దూబగుంట వస్తుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఆ ఊరికొచ్చింది. పగలంతా కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రి పలకలు పట్టుకుని కూర్చునేవారు. అక్షరాలు దిద్దుతూనే, ఇంటి గడప దాటని సంగతి అక్కడ చెప్పుకున్నారు. కష్టపడి సంపాదించిన డబ్బంతా సారా ప్యాకెట్లకే పోతోంది. ఒకామె నోరు విప్పితే పక్కనామెకు ధైర్యం వచ్చేది.

వర్ధినేని రోశమ్మ ముందు నిలబడగా, ఆ ఊరి ఆడవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వలేదు. ఆ కథే కొత్తగా చదువు నేర్చినవాళ్ల వాచకంలో పాఠమైంది. పాఠం చదివిన ఊళ్లు కూడా లేచాయి. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం.

1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఆడవాళ్లు మాత్రం కలిసి కూర్చోవడం మానలేదు. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు జిల్లా అంతా అల్లుకున్నాయి. ఆ కథ తలచుకున్నప్పుడల్లా నాకు ఒక వెలితి తోస్తుంది. ఆ ఆడవాళ్లకు సంఘం దొరికింది. మానాలనుకుని, చేతులు వణుకుతూ అరుగు మీద కూర్చున్న మగవాడికి ఎవరు దొరికారు? తిట్టేవాళ్లు దొరికారు, ఒట్టు వేయించుకునేవాళ్లు దొరికారు. తనలాగే తాగి, తనలాగే పడి, మానేసినవాడు వచ్చి పక్కన కూర్చోవడం వేరు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం అలా కూర్చోవడంలోంచే పుట్టింది. 1935 మే నెల, అమెరికాలో యాక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వ్యాపారం పని మీద వస్తే అది చెడింది, చేతిలో డబ్బు లేదు. హోటల్ హాల్లో ఒక పక్క బార్, ఇంకో పక్క టెలిఫోన్. ఇంకో తాగుబోతుతో మాట్లాడితే తప్ప తాను నిలవలేనని తెలిసి ఫోను వైపు నడిచాడు. వాకబు చేయగా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. పావుగంటకు మించి ఉండనన్న డాక్టరు ఆరు గంటలు కూర్చున్నాడు! జూన్ 10న ఆయన ఆఖరిసారి తాగాడు. సంఘం తన పుట్టినరోజు లెక్క ఆ రోజు నుంచే వేసుకుంటుంది.

మన దేశానికి ఈ సంఘం 1957లో వచ్చింది. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, సభ్యుడే. ఒకరు తన కథ చెబుతుంటే మిగతావాళ్లు అడ్డురారు, తీర్పు చెప్పరు. జన్మంతా తాగనని ప్రమాణం చేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా గడుపుదాం అంటారు. రేపటి సంగతి రేపు. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2020లో 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా అనుభవాన్ని పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఈ దారిలో నడిచినవాళ్లకు ఇతర చికిత్సల్లో కన్నా మెరుగైన ఫలితమే కనిపించింది. ఇంట్లోవాళ్ల కోసం వేరే సంఘం ఉంది, అల్-అనాన్. బిల్ భార్య లోయిస్ 1951లో దానికి పునాది వేసింది.

ఒక్క జాగ్రత్త. ఏళ్లతరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే ముందు డాక్టరు, ఆ వెంటనే సంఘం. తాగుడు మాన్పించాలని, తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపే మాత్ర జోలికి మాత్రం ఏ తల్లీ, ఏ భార్యా వెళ్లకండమ్మా. అది ఒంట్లో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి మనిషే దక్కకపోవచ్చు. ఎవరిని అడగాలో తోచకపోతే 14446కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు.