పిల్లిని వంటింటి గట్టు ఎక్కకుండా మాన్పించడం

వంటింటి గట్టు, పొయ్యి, భోజనపు బల్ల వంటి చోట్లకు ఎక్కకుండా పెంపుడు పిల్లికి నేర్పడం జంతు శిక్షణలో ఒక చిన్న విభాగం. పిల్లికి ఏమీ నేర్పలేమని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. పిల్లి నేర్చుకుంటుంది, అయితే కుక్క నేర్చుకునే తీరులో కాదు. యజమాని మెప్పు కోసం అది పని చేయదు. తనకు లాభం ఉన్న పనిని మళ్ళీ చేస్తుంది, లాభం లేని పనిని క్రమంగా మానుకుంటుంది. శిక్షణ అంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

పొయ్యి - పిల్లి

తెలుగువారి వంటింటికీ పిల్లికీ సంబంధం చాలా పాతది. వంట చేసుకోలేని పేదరికాన్ని చెప్పడానికి "పొయ్యిలో పిల్లి లేవలేదు" అనే జాతీయం వాడుకలో ఉంది. రాత్రి వంట అయ్యాక గోరువెచ్చని బూడిదలో పిల్లి పడుకొనేది, మరునాడు పొయ్యి రాజేసేటప్పుడు దానిని లేపవలసి వచ్చేది. పొయ్యి వెలగని ఇంట దానిని లేపే పని ఉండదు. పాలు, పెరుగు, వెన్న పిల్లికి అందకుండా ఉట్టి మీద పెట్టేవారు. పిడకల సెగ మీద పాలు కాచే దాలిగుంటకు కూడా మూత ఉండేది. అంటే పాతకాలపు ఇల్లాలు పిల్లికి బుద్ధి చెప్పడం కంటే తిండిని దానికి అందకుండా చేయడం మీదే ఎక్కువ దృష్టి పెట్టింది. నేటి శిక్షకులు చెప్పే మొదటి మెట్టు కూడా ఇదే కావడం గమనించదగినది.

నేల మీద పొయ్యి ఉన్నంతకాలం గట్టు ఎక్కే సమస్య లేదు. గ్యాసు పొయ్యి సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి కనుక గ్యాసుతో పాటు గట్టు కూడా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో మొదలైన ఉజ్వల పథకం గ్యాసు పొయ్యిని పల్లెలకు, కొండ గ్రామాలకు చేర్చాయి.

తూర్పు కనుమలలో, రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం వెళ్ళే ఘాట్ రోడ్డు మీద ఉన్న మారేడుమిల్లి ఈ మార్పును చూడడానికి మంచి ఉదాహరణ. ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఇక్కడి కొండరెడ్ల సంప్రదాయ ఇళ్ళకు వెదురు తడికెల మీద మట్టి మెత్తిన గోడలు, గడ్డి కప్పు ఉంటాయి. పొయ్యి నేల మీదే ఉంటుంది. ధాన్యం, విత్తనాలు దాచుకొనే ఇంట ఎలుకలు తప్పవు కాబట్టి పిల్లి అక్కడ ముచ్చటకు పెంచే జంతువు కాదు, పనికి వచ్చే జంతువు. సిమెంటు ఇళ్ళు, గ్యాసు పొయ్యిలు, పర్యాటకుల కోసం వెలసిన భోజనశాలలు వచ్చాక అదే పిల్లి ఇప్పుడు గట్టు మీద కనిపిస్తుంది.

గట్టు ఎక్కడానికి కారణాలు

మొదటి కారణం తిండి. పిల్లి పూర్తిగా మాంసాహారి. తీపి రుచిని గుర్తించే జన్యువు పిల్లిలో పనిచేయడం లేదని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కాబట్టి పాయసం గిన్నె వద్దకు పిల్లి వెళితే దానిని లాగింది చక్కెర కాదు, పాలు, నెయ్యి. పచ్చి చేప, కోడి మాంసం సంగతి చెప్పనక్కరలేదు.

రెండవది ఎత్తు. పిల్లి స్వభావసిద్ధంగా ఎత్తైన చోటు నుంచి చుట్టూ చూడాలని కోరుకుంటుంది. సుమారు 80 నుంచి 85 సెంటీమీటర్లు ఉండే గట్టు ఆరోగ్యమైన పిల్లికి ఒక్క గెంతు. ఇంట్లో కుక్క గాని, చిన్నపిల్లలు గాని ఉంటే అది తప్పించుకొనే చోటు కూడా అవుతుంది.

మూడవది వెచ్చదనం. మారేడుమిల్లి వంటి కొండ ప్రాంతాలలో శీతాకాలపు రాత్రులు చల్లగా ఉంటాయి. ఆర్పిన పొయ్యి పక్కన చాలాసేపు వేడి నిలుస్తుంది. నీళ్ళు కారే కుళాయి, కిటికీలోంచి కనిపించే పక్షులు కూడా కొన్ని పిల్లులకు ఆకర్షణలే. ఏ పిల్లి ఏ కారణంతో ఎక్కుతున్నదో రెండు మూడు రోజులు గమనించి తెలుసుకోకుండా శిక్షణ మొదలు పెట్టడం వృథా ప్రయాస.

పిల్లి నేర్చుకొనే తీరు

అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో ప్రచురించిన ప్రయోగాలలో ఆకలితో ఉన్న పిల్లులను గడియ ఉన్న పెట్టెలలో ఉంచి, బయట ఆహారం పెట్టాడు. పిల్లి మొదట గోకుతుంది, కొరుకుతుంది, అటూ ఇటూ తిరుగుతుంది. యాదృచ్ఛికంగా గడియ కదిలి తలుపు తెరుచుకుంటుంది. మళ్ళీ మళ్ళీ పెట్టెలో ఉంచిన కొద్దీ బయటపడే సమయం తగ్గుతూ వచ్చింది. సుఖమైన ఫలితం ఇచ్చిన చర్య బలపడుతుందనే ఫలిత నియమాన్ని అతడు దీని నుంచే రూపొందించాడు. బి.ఎడ్. విద్యార్థులు నేటికీ చదివే ఈ నియమం మొదట పిల్లుల వద్ద తేలిందే. గట్టు మీద ఒక్కసారి చేప ముక్క దొరికితే గట్టు కూడా పిల్లికి అటువంటి పెట్టే అవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ తెనాలి రామకృష్ణుని పేర జనంలో ఉన్న పిల్లి కథ. ఎలుకల బాధ తీర్చడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దానికి పాలకోసం ఒక ఆవును ఇప్పించాడట. రామకృష్ణుడు మొదటి రోజే పిల్లి ముందు మరిగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తరువాత పాలు చూస్తేనే పారిపోయింది, పాలన్నీ ఇంటివారికి మిగిలాయి. కథ హాస్యానికి చెప్పినదే అయినా అందులోని మనోవిజ్ఞానం సరియైనదే: బాధ కలిగినప్పుడు పిల్లి ఎదుట ఏది ఉందో దానికే ఆ బాధ అంటుకుంటుంది. ఇల్లాలు చీపురుతో కొట్టినప్పుడు పిల్లి ఎదుట ఉన్నది గట్టు మాత్రమే కాదు, ఇల్లాలు కూడా. ఫలితంగా అది నేర్చుకొనేది "గట్టు ఎక్కరాదు" అని కాదు, "ఈమె ఉండగా ఎక్కరాదు" అని. కొట్టిన ఇళ్ళలో రాత్రిపూట గిన్నెలు దొర్లే చప్పుడు వినిపించడానికి కారణం ఇదే.

నేర్పే విధానం

గట్టును ముందుగా నిస్సారంగా చేయాలి. వంట ముగియగానే గిన్నెలకు మూతలు పెట్టి, ఎంగిలి పళ్ళాలు తీసి, సబ్బునీటితో తుడవాలి. పాలు, చేపలు జాలీ అలమారలో గాని ఫ్రిజ్‌లో గాని ఉంచాలి. రాత్రి వంటింటి తలుపు మూయగలిగితే సగం పని అయినట్లే. వంట మొదలు పెట్టడానికి ముందే, రోజూ ఒకే వేళకు పిల్లికి తిండి పెట్టడం మంచిది. కడుపు నిండిన పిల్లికి తాలింపు వాసన మీద అంత మోజు ఉండదు.

తరువాత దానికి వేరొక చోటు చూపించాలి. ఈ మెట్టును చాలామంది వదిలివేస్తారు, అందుకే విఫలమవుతారు. గట్టుతో సమానమైన లేదా అంతకంటే ఎత్తైన ముక్కాలిపీట, కిటికీ పక్క అర, పాత బీరువా పైభాగం ఏదైనా సరిపోతుంది. దాని మీద పాత గోనెపట్టా గాని దుప్పటి ముక్క గాని పరచాలి. వంట జరిగేటప్పుడు మనుషులు కనిపించేటట్లు ఆ చోటు ఉండాలి. పిల్లి అక్కడికి ఎక్కిన వెంటనే ఉప్పు లేని చేప ముక్క గాని, ఉడికించిన మాంసం తునక గాని ఇవ్వాలి. "వెంటనే" అంటే ఒకటి రెండు క్షణాలలో. అరనిమిషం ఆలస్యమైతే పిల్లి ఆ ముక్కను ఎక్కడానికి కాక, తరువాత చేసిన మరో పనికి బహుమతిగా భావిస్తుంది. కొందరు శిక్షకులు బాల్‌పాయింట్ పెన్ను 'టిక్' శబ్దాన్ని గుర్తుగా వాడి, ఆ శబ్దం తరువాత తిండి ఇస్తారు.

గట్టు ఎక్కినప్పుడు మాట్లాడకుండా, కోపగించకుండా ఎత్తి కింద దించాలి. పిలుపు, కేక, ముద్దు అన్నీ దాని దృష్టిలో పట్టించుకోవడమే. కొద్దికాలం గట్టు అంచున రెండువైపులా అంటుకొనే టేపు గాని, అల్యూమినియం రేకు కాగితం గాని పరిస్తే కాలికి ఇబ్బందిగా తోచి పిల్లి దిగిపోతుంది. మనిషి లేనప్పుడు కూడా పనిచేయడం వీటి గుణం.

బహుమతి ఆగిపోయిన మొదటి రోజులలో పిల్లి గట్టు ఎక్కడం తగ్గక, పెరగవచ్చు. దీనిని చూసి పద్ధతి పనిచేయడం లేదని మానివేయరాదు. పాత అలవాటు పోయే ముందు ఒకసారి విజృంభించడం సహజం. అంతకంటే పెద్ద చిక్కు ఇంట్లోని వారితో వస్తుంది. అందరూ కట్టుబడి ఉండగా తాతగారు ఒక్కరు గట్టు మీదే ఒక ముక్క పడేస్తే శ్రమ అంతా వ్యర్థం. అప్పుడప్పుడు మాత్రమే దొరికే బహుమతి, ఎప్పుడూ దొరికే దానికంటే గట్టిగా అలవాటును నిలుపుతుందని స్కిన్నర్ ప్రయోగాలు చూపాయి. ఇంటిల్లిపాదీ ఒకే నియమం పాటిస్తే కొన్ని వారాలలో మార్పు కనిపిస్తుంది.

చేయకూడని పనులు

గట్టు మీద ఫినాయిలు చల్లడం, కలరా ఉండలు పెట్టడం చాలా ఇళ్ళలో కనిపించే ప్రమాదకరమైన అలవాటు. ఫినాల్ వంటి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటిన మందును అది నాకుతుంది, విషం లోపలికి పోతుంది. కలరా ఉండలలోని నాఫ్తలీన్ కూడా పిల్లికి విషమే. ఘాటైన తైలాలు సైతం మంచివి కావు. కారం చల్లడం క్రూరత్వం. నీళ్ళు చిమ్మడం కొందరు సూచించినా, మనిషి పట్ల భయం తప్ప దానివల్ల ఒరిగేది తక్కువ.

ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. మారేడుమిల్లికి పేరు తెచ్చిన బొంగు చికెన్‌లో అల్లం వెల్లుల్లి ముద్ద ఉంటుంది గనుక, పర్యాటకులు జాలిపడి పిల్లికి వేసే ముక్క దానికి మేలు చేయదు. ఉడికిన కోడి ఎముకలు పెళుసుగా విరిగి గొంతులో గుచ్చుకుంటాయి.

విసిగిపోయి పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలివేయడం మరొక పాత అలవాటు. ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మారేడుమిల్లి పరిసరాలలో దీనికి మరో కోణం ఉంది. చుట్టుపక్కల అడవులలో అడవిపిల్లుల వంటి జంతువులు ఉన్నాయి; ఇంటి పిల్లుల నుంచి వాటికి వ్యాధులు సోకే అవకాశం ఉంది.

ఆరోగ్యం, భద్రత

పిల్లి పాదాలు మట్టిలోను, మలం పూడ్చిన చోటను తిరిగి వస్తాయి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణులకు ప్రమాదం కలిగించవచ్చు. అయితే ఇది పిల్లి మలంలో బయటకు వచ్చాక సోకే దశకు చేరడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరలు కూడా దీనికి ముఖ్యమైన మార్గాలు. కాబట్టి గర్భిణి ఉన్న ఇంట పిల్లిని వెళ్ళగొట్టనక్కరలేదు. మలం తీసే పని ఇతరులు చేయాలి, గట్టు తుడిచిన తరువాతే కూరలు తరగాలి.

పిల్లికి ఉన్న ప్రమాదం తక్కువేమీ కాదు. వేడి నూనె, మంట, కత్తిపీట అన్నీ గట్టు మీదే ఉంటాయి. తాకితే వెలిగే విద్యుత్ పొయ్యిల వల్ల మనుషులకు కూడా అపాయం కలుగుతుంది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2019 జనవరి నుంచి 2021 నవంబరు వరకు పిల్లుల కారణంగా 107 అగ్నిప్రమాదాలు జరిగినట్లు అక్కడి అగ్నిమాపక శాఖ ప్రకటించింది. అటువంటి పొయ్యికి పిల్లల తాళం మీట ఉంటే వేసి ఉంచాలి, లేనిచో వంట ముగియగానే స్విచ్చి ఆపాలి.

దించేటప్పుడు పిల్లి కరిచినా, రక్తం వచ్చేటట్లు గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. కొండ గ్రామాలలో ఆసుపత్రికి చేరడానికి సమయం పడుతుంది కనుక కడగడం ఇంటి వద్దనే, ఆలస్యం లేకుండా జరగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి వంటివి గాయానికి పూయరాదు.