కొబ్బరి చెట్టు చెట్టేనా?

పిల్లలూ! ఆత్రేయపురం పేరు వింటే మీకు పూతరేకులు గుర్తొస్తాయి కదూ? రేకు తీసేటప్పుడు బోర్లించిన కుండ కింద ఏం మండుతుందో గమనించారా? ఎండిన కొబ్బరాకులు! ఆ ఊరి చుట్టూ ఎటు చూసినా కొబ్బరి తోటలే మరి. అలాంటి చోట నిలబడి "కొబ్బరి చెట్టు చెట్టేనా?" అని అడిగితే మిమ్మల్ని వింతగా చూస్తారు.

కాని గోవాలో ఈ ప్రశ్న శాసనసభ దాకా వెళ్ళింది. చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని అక్కడ 1984లో చట్టం చేశారు. 2016లో దాన్ని సవరించి, కొబ్బరిని చెట్ల లెక్కలోంచి తీసేశారు. దానికి కొమ్మలు లేవు కదా అన్నారు! తోటలు నరికి భవనాలు కడతారని జనం ఆందోళన చేశారు. 2017లో కొబ్బరి మళ్ళీ చెట్టయింది. అంతేకాదు, రాష్ట్ర వృక్షం కూడా అయింది.

వృక్షశాస్త్రం ఏమంటుంది? కొబ్బరి వరిలాగా, వెదురులాగా ఏకదళ బీజపు మొక్క. మామిడికి బెరడు లోపల ఒక పలుచని పొర ఉంటుంది. అది ఎప్పటికప్పుడు కొత్త కలపను చేర్చి మానును లావు చేస్తుంది. కొబ్బరికి ఆ పొర లేదు. కాబట్టి మాను ఒకసారి ఏర్పడ్డాక పొడుగు సాగుతుందే గాని లావెక్కదు. గోవావారి వాదనలో కొంత శాస్త్రం ఉందన్న మాటే! అయితే చట్టం కాపాడాలనుకున్నది కొమ్మల్నా, నీడనా?

ఊరు మారితే చెట్టుకు నిర్వచనమూ మారుతుంది. ఢిల్లీలో 1994 చట్టం ప్రకారం ఎత్తు కనీసం ఒక మీటరుండాలి, నేల నుంచి 30 సెం.మీ. పైన మాను అడ్డుకొలత కనీసం 5 సెం.మీ. ఉండాలి. చెట్టును కోయకుండా అడ్డుకొలత ఎలా తెలుస్తుందంటారా? టేపు చుట్టి, వచ్చిన అంకెను 3.14తో భాగించండి. అంటే చుట్టుకొలత 15.7 సెం.మీ. ఉంటే చాలు!

ముంబైలో వయసు ముఖ్యం. అక్కడి 1975 చట్టాన్ని 2021లో సవరించారు. 50 ఏళ్ళు దాటితే అది వారసత్వ వృక్షం. చెట్టు కొడితే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. మరి వయసు తేలేదెలా? టేకులో ఏటికో వలయం స్పష్టంగా కనిపిస్తుంది. మన వాతావరణంలో మామిడి, మర్రి అంత తేలిగ్గా బయటపడవు. తమాషా ఏమిటంటే, వలయాలే లేని కొబ్బరి ఇక్కడ నయం. ఏడాదికి సుమారు 12 ఆకులు రాలి, మాను మీద మచ్చలు మిగులుస్తాయి. మచ్చలు లెక్కపెట్టి 12తో భాగించండి. మాను పైకి కనబడని తొలి కొన్నేళ్ళు కలుపుకోండి.

ఇక మన వాల్టా చట్టం 2002లో వచ్చింది. నీరు, భూమి, చెట్లు మూడింటికీ ఒకటే చట్టం కావడం నాకు నచ్చిన సంగతి. చెట్టు కొట్టాలంటే అధికారి అనుమతి కావాలి. సరుగుడు, సుబాబుల్ వంటివాటికి మినహాయింపు ఉంది. రైతు వాటిని నాటేదే నరికి అమ్ముకోవడానికి. ప్రతిసారీ కాగితం పెట్టమంటే అసలు నాటడమే మానేస్తాడు! మీ పెరటి చెట్టు సంగతి మాత్రం గొడ్డలి తీయకముందే పెద్దవాళ్ళు కనుక్కోవాలి. ఆగ్రా పరిసరాల్లోని రక్షిత ప్రాంతంలో అనుమతి లేకుండా 454 చెట్లు కొట్టించిన ఒకాయనకు 2025లో సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల జరిమానా వేసింది.

ఈసారి ఆత్రేయపురం దగ్గరి లొల్ల లాకులు చూడటానికి వెళ్తే వెంట టేపు తీసుకెళ్ళండి. కాలవగట్టు మీది పెద్ద చెట్టునొకదాన్ని, దగ్గర్లోని కొబ్బరినొకదాన్ని మీ ఛాతీ ఎత్తున కొలిచి, తేదీతో సహా రాసుకోండి. రెండేళ్ళ తర్వాత అదే ఎత్తున మళ్ళీ కొలవండి. ఏ అంకె మారిందో చూడండి.