నాలుగున్నర అడుగులు యాడికి పాయ?

నాన్నగారు పోయాక, ఆమడగూరులోని మా పాత మట్టిమిద్దెను అన్నా నేనూ పంచుకోదలిచాం. ప్లాను గీయడం నా వంతయింది.

గుడ్డ టేపు సాగుతుందని ఉక్కుది కొన్నాను. 1800లో బెంగుళూరు దగ్గర లాంబ్టన్ దొర నేల కొలవడానికి ఉక్కు గొలుసు పరిచి, ఎండకు అది సాగడాన్ని కూడా లెక్కగట్టాడట! నాకంత ఓపిక లేదు లెండి.

వెలుపల పొడవు 31 అడుగుల 6 అంగుళాలు. లోపల రెండు గదులూ కలిపితే 27 అడుగులే!

“తక్కిన నాలుగున్నర అడుగులు యాడికి పాయరా?” అన్నాడు అన్న. ఆ గొంతు నాకు నచ్చలేదు.

గుమ్మంలో టేపు అడ్డంగా పెట్టి చూద్దును గదా, గోడ మందమే అడుగున్నర! చివర్ల రెండు, నడుమ ఒకటి. మూడు గోడలూ కలిసి మింగేశాయన్నమాట.

పడమటి గది ఎదురెదురు గోడలు సమానమే: పొడవు 13 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 10 అడుగులు. అలాగే గీసేవాణ్ణే. ఎందుకైనా మంచిదని మూల నుంచి మూలకు కొలిచాను. ఒకటి 17 అడుగుల 2 అంగుళాలు, రెండోది 16 అడుగుల 5 అంగుళాలు. గది మూలమట్టానికి ఉంటే ఈ రెండూ సమానం కావాలి. అంటే నడిమి గోడ వెనక కొస సుమారు అయిదున్నర అంగుళాలు పక్కకు జరిగివుంది. కాగితం మీద నిటారుగా గీస్తే, ఆ మేరకు నా గీత అన్న వాటాలోకి చొచ్చేది!

గీతను వంకరగానే గీసి చూపించాను. సంతకం చేసేముందు అన్న టేపు అందుకున్నాడు, మూలలు తానే కొలుస్తానని. రెండో కొస నేను పట్టుకున్నాను.