పడవతో రోడ్డు ప్రయాణం: రాత్రికి బండి ఎక్కడ నిలపాలి?

అమెరికాలో చిన్న తెరచాప పడవలను ట్రైలరుపై ఎక్కించి, పికప్ ట్రక్కు వెనుక కట్టి, దూరపు సరస్సులకూ సముద్ర తీరాలకూ తీసుకువెళ్తారు. దారిలో తెరచాప కొయ్యను దించి పడవపై పొడవుగా పడుకోబెడతారు. ఇంత పొడవైన బండిని రాత్రికి ఖర్చు లేకుండా ఎక్కడ నిలపవచ్చో తెలుసుకుందాం.

మొదటివి, రహదారుల పక్కనుండే విశ్రాంతి స్థలాలు. డ్రైవర్లు నిద్రమత్తులో బండి నడిపి ప్రమాదాల పాలు కాకూడదనే వీటిని నిర్మించారు. నియమాలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. కాలిఫోర్నియాలో 24 గంటల వ్యవధిలో 8 గంటలకు మించి ఉండరాదు. టెక్సాస్‌లో 24 గంటల వరకు ఉండవచ్చు. అక్కడ గుడారం వేయడం మాత్రం నిషిద్ధం.

రెండవవి, సమాఖ్య ప్రభుత్వ భూములు. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అధీనంలోని చాలా ప్రాంతాలలో 28 రోజులలో 14 రోజుల వరకు ఉచితంగా బస చేయవచ్చు.

మూడవవి, వాల్‌మార్ట్ వంటి పెద్ద దుకాణాల పార్కింగు స్థలాలు. ఇక్కడ ఉండడం ప్రయాణికుని హక్కు కాదు. స్థానిక చట్టం అంగీకరించాలి, దుకాణం మేనేజరు అనుమతించాలి.

ఎక్కడైనా ఒక జాగ్రత్త తప్పనిసరి. వెనక్కి నడిపేటప్పుడు ట్రక్కు వెనుక భాగం ఒకవైపు తిరిగితే ట్రైలరు రెండోవైపుకు మళ్ళుతుంది. అందుకే ఉదయం నేరుగా ముందుకు వెళ్ళగలిగే చోటునే ఎన్నుకోవాలి. మట్టి దారిలోకి దిగే ముందు, వెలుతురుండగానే నడిచి వెళ్ళి, బండి మళ్ళించే చోటుందో లేదో చూసుకోవాలి.

చెత్త వదిలి వెళ్తే యజమానులు అనుమతి మానుకుంటారు. ఆ నష్టం తరువాత వచ్చే అలసిన ప్రయాణికునిది.