వాడని హీటరు, వదలని వాసన

కారు అద్దాలు మూసి బ్లోయరు వేసిన కొద్దిసేపటికి ముదురుపాకం కాగుతున్నట్టు తియ్యని వాసన వ్యాపించి, ముందు అద్దానికి లోపలివైపు ఎంత తుడిచినా మళ్లీ పేరుకొనే జిడ్డుపొర కనిపిస్తే, ఆ రెండింటికీ కారణం చాలావరకు ఒక్కటే: ఇంజిన్‌ను చల్లబరచే కూలెంట్ ద్రవం డ్యాష్‌బోర్డు వెనుక ఎక్కడో కారుతున్నది. ముందు ఎడమ సీటులో కూర్చున్నవారి కాళ్ల కింద మ్యాటు తడవడం కూడా దాని గుర్తే.

తెలుగు ప్రాంతాల్లో ఈ లోపం ఆలస్యంగా బయటపడడానికి వింతైన కారణం ఒకటి ఉంది. లంబసింగి, ఆదిలాబాద్ వంటి చోట్ల డిసెంబరు రాత్రులను మినహాయిస్తే ఇక్కడ కారు హీటరు వాడేవారు అరుదు కనుక, వాడని వస్తువు చెడిపోతుందన్న అనుమానమే యజమానికి రాదు. అయితే హీటర్ కోర్, అంటే లోపలికి వేడిగాలి పంపడానికి డ్యాష్‌బోర్డు వెనుక అమర్చిన చిన్న రేడియేటరు, చాలా కార్లలో నాబ్‌ను చలివైపు తిప్పి ఉంచినా ఖాళీగా ఉండదు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కూలెంట్ దాని గుండా తిరుగుతూనే ఉంటుంది, నాబ్ తిప్పినప్పుడు మారేది గాలి నడిచే దారి మాత్రమే. రిజర్వు ట్యాంకులో మట్టం తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసే అలవాటు దీనికి తోడైతే, ఆ నీటిలోని లవణాలు సన్నని అల్యూమినియం గొట్టాల్లో పేరుకొని, తుప్పును నిరోధించే రసాయనాలు పలచబడి, లోహం లోపలినుంచి తొలుచుకుపోయి సూదిబెజ్జం పడుతుంది.

ఆ ద్రవం చరిత్ర క్లుప్తంగా ఇది: కూలెంట్‌కు మూలమైన ఇథిలీన్ గ్లైకాల్‌ను 1850లలో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వుర్ట్జ్ తయారుచేయగా, నీటిలో ఆల్కహాలు కలుపుకొని శీతాకాలం గడిపిన తొలితరం కార్లను దాటి, 1920లలో అమెరికాలో అది రేడియేటర్లలోకి చేరింది. చలిదేశాల్లో అది నీరు గడ్డకట్టకుండా కాపాడితే, వేడిదేశాల్లో మరిగే ఉష్ణోగ్రతను పెంచి, తుప్పును ఆపుతుంది. మంచు కురవని ఊళ్లో కూలెంట్ ఎందుకన్న వాదన ఈ రెండో పనిని మరిచిపోతుంది.

మ్యాటు తడిసినంత మాత్రాన నేరం హీటర్ కోర్‌దే అనుకోకూడదు, ఎందుకంటే అక్కడే మరో అనుమానితుడు ఉన్నాడు. ఏసీ కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరుగా మారి, సన్నని గొట్టం ద్వారా కారు కిందికి కారిపోవాలి. దుమ్ము, ఆకులు అడ్డుపడి ఆ గొట్టం మూసుకుపోతే నీరు లోపలికి పొంగి అదే మ్యాటును తడుపుతుంది. ఆ నీటికి రంగు ఉండదు, అది వేళ్లకు జారదు, ఆరిన తరువాత మిగిల్చేది మహా అయితే ముక్క వాసన. కూలెంట్‌ను తెల్లకాగితంతో అద్దితే ఆకుపచ్చ, ఎరుపు వంటి రంగు అంటుకుంటుంది, వేళ్ల మధ్య నూనెలా జారుతుంది. రుచి చూసి తేల్చుకోవాలన్న ఆలోచన మాత్రం ప్రాణాంతకం: తియ్యగా ఉండే గ్లైకాల్ కాలేయంలో ఆక్సాలిక్ ఆమ్లంగా మారి, కాల్షియంతో కలిసి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. షెడ్డు ముందు నేలమీద పారబోసిన పాత కూలెంట్‌ను వీధికుక్కలు నాకడం కూడా ఇందుకే ప్రమాదకరం.

సందేహం మిగిలితే, ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత రేడియేటరు మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ బిగించి, మూతపై ముద్రించిన పీడనానికి మించకుండా, అంటే సాధారణంగా 1 బార్ వరకు, గాలి కొట్టి వేచి చూస్తారు. బయట ఎక్కడా చుక్క కనబడకుండా ముల్లు దిగిపోతే కారడం లోపలే జరుగుతున్నట్టు. లోపల అంటే ఇంజిన్ లోపల కూడా కావచ్చు. సైలెన్సరు నుంచి ఆగకుండా తెల్లపొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

హీటర్ కోర్ మార్చాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం దింపవలసి రావడం వల్ల, విడిభాగం ధర కన్నా కూలి ఖర్చు భయపెడుతుంది. ఇంజిన్ వైపు రెండు హోస్ పైపులను కలిపేసి హీటర్ కోర్‌ను తప్పించే ఉపాయాన్ని నిపుణులు చిన్నచూపు చూస్తారు గాని, విజయవాడ ఎండల్లో తిరిగే కారుకు అది తాత్కాలికంగా సరిపోతుంది. బెజ్జాలు పూడుస్తుందని అమ్మే పొడి మందు అలాంటిది కాదు. అది రేడియేటరు సన్నదారులనూ పూడ్చగలదు. మరమ్మతు ఏదైనా, కార్పెట్ కింది స్పాంజిని బయటికి తీసి వేడినీటితో పదేపదే కడిగి పిండకపోతే వాసన పోదు. గ్లైకాల్ మరిగేది దాదాపు 197 డిగ్రీల సెల్సియస్ వద్ద, కనుక ఎండలో పెట్టినంత మాత్రాన త్వరగా ఆరిపోదు; నీటిలో మాత్రం పూర్తిగా కరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద పెట్టే సెంటు సీసా ఈ క్రమంలో చేసే మేలు ఏమీ లేదు, పైగా సాక్ష్యాన్ని కప్పిపుచ్చుతుంది.

కుళ్లిన గుడ్డు వాసన

ఇది హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన. ఇంధనంలోని గంధకం క్యాటలిటిక్ కన్వర్టర్‌లో, అంటే పొగలోని విషవాయువులను తగ్గించే పరికరంలో, ఆ వాయువుగా మారవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 ఇంధనం వచ్చి, గంధకం పరిమితి 50 నుంచి 10 పీపీఎంకు తగ్గింది కనుక, ఇప్పుడు ముందుగా చూడవలసింది బ్యాటరీని: ఆల్టర్నేటర్ 15 వోల్టులు దాటి ఛార్జి చేస్తుంటే బ్యాటరీయే ఆ వాసన వదులుతుంది.

ముక్కే కొలబద్ద

కారు లోపలి సామగ్రి వాసనను అంచనా వేయడానికి జర్మనీ వాహన పరిశ్రమ సంఘం రూపొందించిన వీడీఏ 270 పద్ధతిలో తుది తీర్పు యంత్రానిది కాదు. నమూనా ముక్కను మూతపెట్టిన గాజుపాత్రలో వేడిచేసి, మనుషులే వాసన చూసి, తెలియనిదానికి 1, భరించలేనిదానికి 6 చొప్పున అంకెలు వేస్తారు; స్పష్టంగా తెలిసినా ఇబ్బంది పెట్టనిది 3, ఇబ్బంది పెట్టేది 4.